సునీల్ ఛెత్రి: ఇంటా బయటా

సునీల్ ఛెత్రి భారత ఫుట్‌బాల్ జట్టు మాజీ కెప్టెన్, ఫార్వర్డ్ ఆటగాడు. 1984 ఆగస్టు 3న సికింద్రాబాద్‌లో పుట్టాడు. 2005 నుంచి 2025 వరకు దేశం తరఫున 95 గోల్స్ చేశాడు. భారత ఆటగాళ్లలో మరెవరూ ఆ దరిదాపులకు రాలేదు. స్వదేశంలో కోల్‌కతా, ఫగ్వాడా, గోవా, ముంబై, బెంగళూరు క్లబ్బులకు ఆడాడు. మధ్యలో రెండుసార్లు విదేశాలకు వెళ్లాడు: 2010లో అమెరికా, 2012లో పోర్చుగల్. అర్జున (2011), పద్మశ్రీ (2019) పురస్కారాలు అందుకున్నాడు. 2021లో ఖేల్‌రత్న పొంది, ఆ గౌరవం దక్కిన తొలి ఫుట్‌బాలర్‌ అయ్యాడు. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఇచ్చే ఏటి మేటి ఆటగాడి పురస్కారం ఏడుసార్లు అతనికే వచ్చింది.

ఇంట గెలిచి రచ్చ గెలవాలన్న సామెతను ఇతని జీవితానికి అన్వయిస్తే లెక్క వింతగా తేలుతుంది. ఇంట గెలుపుకు సాక్ష్యాలు కోకొల్లలు. రచ్చ సంగతికొస్తే, విదేశీ లీగుల్లో ఆడిన మ్యాచ్‌లు మొత్తం మూడు, గోల్స్ సున్నా. అలాగని ఆ ప్రయాణాలను వైఫల్యమని కొట్టిపారేస్తే తొందరపాటే అవుతుంది. తలుపు ఎవరు మూశారో, ఎందుకు మూశారో చూస్తే గానీ ఆ సున్నాకు అర్థం తెలియదు.

పుట్టుక, పెంపకం

తండ్రి ఖర్గ బహదూర్ ఛెత్రి సైన్యంలో ఈఎంఈ కోర్ ఉద్యోగి, ఫుట్‌బాల్ ఆడినవాడు. తల్లి సుశీల, ఆమె కవల సోదరి ఇద్దరూ నేపాల్ మహిళల జాతీయ జట్టుకు ఆడారు. అంటే ఇంట్లో బంతి తన్నడం అల్లరి కింద లెక్కకు వచ్చేది కాదు. తండ్రి బదిలీలతో పాటు కొడుకు బడులూ మారాయి. గ్యాంగ్‌టక్, డార్జిలింగ్, కోల్‌కతా, చివరికి ఢిల్లీ ఆర్మీ పబ్లిక్ స్కూల్. సికింద్రాబాద్ అతని జనన ధ్రువీకరణ పత్రంలో ఉన్న ఊరు మాత్రమే, ఆట నేర్పిన ఊరు కాదు. తెలుగు పత్రికలు ఛెత్రిని అప్పుడప్పుడు ‘మనవాడు’ అని రాసుకుంటాయి. ఆ చుట్టరికం కంటోన్మెంట్ గేటు దాటి బయటికి రాదు.

అయితే కాకతాళీయమైనా, పుట్టిన చోటు ఫుట్‌బాల్‌కు కొత్తది కాదు. 1951, 1962 ఆసియా క్రీడల్లో భారత్‌కు స్వర్ణం తెచ్చిపెట్టిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ హైదరాబాదీ. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు నాలుగో స్థానంలో నిలిచినప్పుడూ ఆయనే కోచ్. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. 1962లో జకార్తా ఫైనల్లో దక్షిణ కొరియాను 2–1తో ఓడించిన జట్టులోని తులసీదాస్ బలరామ్ సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు. ఛెత్రి పుట్టేనాటికి ఆ వైభవం పాతబడిపోయింది. బలరామ్ తరం ఆటగాళ్లకు విదేశీ క్లబ్బుల గురించి ఆలోచించే అవసరమే లేకపోయింది. వాళ్లు ఆసియాలో మేటి జట్లను ఓడిస్తూ ఇంటి దగ్గరే ఉన్నారు. బయటికి వెళ్తే గానీ ఎదగలేమన్న భావన ఆట దిగజారిన తర్వాత పుట్టిందే.

కోల్‌కతా నుంచి ఫగ్వాడా దాకా

ఢిల్లీలోని సిటీ ఎఫ్‌సీకి ఆడుతుండగా మోహన్ బగాన్ కంట్లో పడ్డాడు. 2002లో ఆ క్లబ్బుతో సంతకం చేసేటప్పటికి వయసు 17. అప్పటి కోచ్ సుబ్రత భట్టాచార్య. పదిహేనేళ్ల తర్వాత 2017లో ఆయన కూతురు సోనమ్‌నే ఛెత్రి పెళ్లాడాడు. కోల్‌కతా మైదాన్‌లో కుర్రవాడికి దొరికింది ఎక్కువగా బెంచీనే. బ్రెజిల్ స్ట్రైకర్ జోస్ బారెటో ఏలుతున్న రోజులవి. మూడు సీజన్లలో జాతీయ లీగ్ మ్యాచ్‌లు 18, గోల్స్ 8. పెద్ద క్లబ్బులో చిన్న పాత్ర కన్నా చిన్న ఊళ్లో పెద్ద పాత్ర మేలనుకున్నాడో ఏమో, 2005లో పంజాబ్ వెళ్లిపోయాడు.

ఫగ్వాడాలోని జేసీటీ ఒక బట్టల మిల్లు జట్టు. 1996–97లో మొదలైన జాతీయ లీగ్‌కు తొలి విజేత అదే. ఈ తరహా మిల్లు జట్లూ, పోలీసు జట్లూ, బ్యాంకు జట్లూ భారత ఫుట్‌బాల్‌ను చాలాకాలం మోశాయి. ఆటగాడికి జీతం, గది, అన్నం దొరికేవి. పేరు మాత్రం కోల్‌కతాలోనే దొరికేది. ఛెత్రి మూడేళ్లలో 48 లీగ్ మ్యాచ్‌లు ఆడి 21 గోల్స్ చేశాడు. 2006–07లో జట్టు రెండో స్థానంలో నిలిచింది. ఏటి మేటి ఆటగాడి పురస్కారం తొలిసారి 2007లో వచ్చింది ఇక్కడ ఉండగానే. జేసీటీ 2011లో జట్టును మూసేసింది. ఆ తర్వాత ఈస్ట్ బెంగాల్‌లో ఒక సీజన్, గోవా క్లబ్బు డెంపోలో ఇంకొకటి. జాతీయ లీగ్ స్థానంలో వచ్చిన ఐ–లీగ్‌ను డెంపో 2009–10లో గెలిచినప్పుడు అతని ఖాతాలో 8 గోల్స్ ఉన్నాయి.

జాతీయ జట్టులో తొలి మ్యాచ్ 2005 జూన్ 12న పాకిస్థాన్‌లోని క్వెట్టాలో. ఆతిథ్య జట్టుతోనే ఆడిన ఆ మ్యాచ్ 1–1తో ముగిసింది. మన గోలు ఛెత్రిదే.

హైదరాబాద్ బురదలో

2008 ఏఎఫ్‌సీ ఛాలెంజ్ కప్ గురించి కొంచెం ఎక్కువ చెప్పుకోవాలి. ఆసియాలో వెనుకబడిన ఫుట్‌బాల్ దేశాల కోసం పెట్టిన పోటీ అది. పేరుకు చిన్నదే. కానీ గెలిచిన జట్టుకు 2011 ఆసియా కప్‌లో నేరుగా చోటు ఉంది. భారత్ చివరిసారి ఆసియా కప్ ఆడింది 1984లో, ఛెత్రి పుట్టిన ఏడాది. 2008 ఆగస్టులో ఈ పోటీకి ఆతిథ్యం హైదరాబాద్‌ది.

వానలు ఆగలేదు. మైదానంలో పచ్చిక కన్నా బురదే ఎక్కువ. అఫ్గానిస్థాన్‌పై ఆట ముగిసేముందు వచ్చిన గోలుతో గట్టెక్కారు. తజికిస్థాన్‌తో డ్రా, తుర్క్‌మెనిస్థాన్‌పై 2–1 గెలుపు. సెమీస్‌లో మయన్మార్‌పై 82వ నిమిషంలో ఛెత్రి చేసిన ఏకైక గోలే ఫలితం తేల్చింది. పుట్టిన ఊరి పక్కనే, మోకాళ్ల దాకా బురదతో చేసిన ఆ గోలు గురించి ఎవరూ పెద్దగా చెప్పుకోరు. హైదరాబాద్ మైదానం ఇక ఆటకు పనికిరాదని తేల్చి ఫైనల్‌ను ఢిల్లీ అంబేడ్కర్ స్టేడియానికి మార్చారు. ఆగస్టు 13న తజికిస్థాన్‌పై 4–1 గెలుపు. అందులో మూడు ఛెత్రివి, ఒకటి కెప్టెన్ బైచుంగ్ భూటియాది.

27 ఏళ్ల ఎదురుచూపు తర్వాత 2011 జనవరిలో దోహాలో భారత్ ఆసియా కప్ ఆడింది. ఆస్ట్రేలియా 4–0, బహ్రెయిన్ 5–2, దక్షిణ కొరియా 4–1. మూడూ ఓటములే. మనవాళ్లు చేసిన మూడు గోల్స్‌లో రెండు ఛెత్రివి, బహ్రెయిన్‌పై ఒకటి, కొరియాపై పెనాల్టీతో ఇంకొకటి.

ముందు వెళ్లినవాళ్లు

బయటికి దారి ఛెత్రి వేసింది కాదు. 1936లో కలకత్తా మహమ్మదన్ స్పోర్టింగ్ వింగర్ మహమ్మద్ సలీం స్కాట్లాండ్‌లోని గ్లాస్గో చేరి సెల్టిక్ క్లబ్బు తలుపు తట్టాడు. బూట్లు లేకుండా, పాదాలకు గుడ్డ పట్టీలు చుట్టుకుని ఆడేవాడు. సెల్టిక్ రిజర్వు జట్టు తరఫున రెండు మ్యాచ్‌లు ఆడితే ఒకదానిలో 5–1, మరొకదానిలో 7–1 గెలుపు. క్లబ్బు ఉండిపొమ్మంది. అతనికి ఇంటి మీద బెంగ పుట్టింది, తిరిగి వచ్చేశాడు. యూరప్ క్లబ్బుకు ఆడిన తొలి భారతీయుడి కథ ఇంతే.

రెండోవాడి కోసం 63 ఏళ్లు ఆగాల్సి వచ్చింది. సిక్కింలోని టింకితాంలో పుట్టిన బైచుంగ్ భూటియా 1999లో ఇంగ్లండ్ క్లబ్బు బరీలో చేరాడు. బరీ అప్పుడు మూడో శ్రేణిలో ఆడుతోంది. మూడు సీజన్లలో గాయాల మధ్య 37 లీగ్ మ్యాచ్‌లు, 3 గోల్స్. ఆ తర్వాత మలేసియాలో పెరాక్, సెలంగోర్ క్లబ్బులకూ ఆడాడు. అంకెల్లో చూస్తే విదేశాల్లో ఛెత్రి కన్నా భూటియాయే ఎక్కువ సాధించాడు, ఇందులో వాదనకు తావులేదు.

లండన్: కాగితం మీద ఆగిపోయిన ఒప్పందం

2009 ఆగస్టులో లండన్ క్లబ్బు క్వీన్స్ పార్క్ రేంజర్స్ ఛెత్రితో మూడేళ్ల ఒప్పందం కుదుర్చుకుంది. ఇంగ్లండ్‌లో అది రెండో శ్రేణి జట్టు. భూటియా ఆడిన మెట్టు కన్నా ఒక మెట్టు పైది. కానీ బ్రిటన్ హోం శాఖ పని అనుమతి నిరాకరించింది.

అప్పటి నిబంధనలో ముఖ్యమైన షరతులు రెండు. యూరప్ బయటి ఆటగాడు గత రెండేళ్లలో తన దేశం ఆడిన పోటీ మ్యాచ్‌ల్లో కనీసం 75 శాతం ఆడి ఉండాలి. ఆ దేశం ఫిఫా ర్యాంకింగ్స్‌లో మొదటి 70లో ఉండాలి. మొదటి షరతు ఆటగాడి చేతిలో ఉంది. రెండోది ఏ ఒక్క ఆటగాడి చేతిలోనూ లేదు. ఫిఫా ర్యాంకింగ్స్ మొదలైనప్పటి నుంచి భారత్ చేరుకున్న అత్యుత్తమ స్థానం 94, అదీ 1996 ఫిబ్రవరిలో. అంటే ఛెత్రి ఎన్ని గోల్స్ చేసినా, ఎంత బాగా ఆడినా ఆ గీత దాటేవాడు కాదు. ఒప్పందం చెత్తబుట్టలో పడింది, అతను డెంపోలో చేరాడు.

పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు అంటారు. ఇదీ అలాంటిదే. ఆటగాళ్లు మంచి లీగుల్లో ఆడితే గానీ దేశం ర్యాంకు పెరగదు. ర్యాంకు పెరిగితే గానీ మంచి లీగులు రానివ్వవు. ఆ నిబంధన ఇంగ్లిష్ ఆటగాళ్ల ఉపాధిని కాపాడటానికి పెట్టింది. దాన్ని తప్పుపట్టలేం. మన సమాఖ్య చేయగలిగింది ర్యాంకు పెంచడమే. ఆ పని మాత్రం ఏళ్ల తరబడి జరగలేదు. 2015 మార్చిలో భారత్ ఏకంగా 173వ స్థానానికి పడిపోయింది. కోచ్ స్టీఫెన్ కాన్‌స్టంటైన్ హయాంలో 2017లో 96కు ఎగబాకింది కానీ, ఆ ఏడాది ఛెత్రికి 33 నిండాయి.

కాన్సాస్ సిటీ, లిస్బన్

ఇంగ్లండ్ తలుపు మూసుకున్నాక 2010 మార్చిలో అమెరికా మేజర్ లీగ్ సాకర్ క్లబ్బు కాన్సాస్ సిటీ విజార్డ్స్ అతన్ని తీసుకుంది. ఏప్రిల్ 14న కొలరాడో రాపిడ్స్‌తో యూఎస్ ఓపెన్ కప్ మ్యాచ్‌లో సగం ఆట ఆడాడు. జూలై 25న మాంచెస్టర్ యునైటెడ్‌తో స్నేహపూర్వక మ్యాచ్‌లో సబ్‌స్టిట్యూట్‌గా దిగాడు. ఆ మ్యాచ్ విజార్డ్స్ 2–1తో గెలిచింది. మాంచెస్టర్ పెద్దలను ఓడించిన జట్టులో ఒక భారతీయుడు ఉన్నాడంటే మన పత్రికలకు అంతకన్నా ఏం కావాలి! కానీ లీగ్ మ్యాచ్ ఒక్కటీ దక్కలేదు. ఆ లోగా దోహా ఆసియా కప్ దగ్గరపడింది, జాతీయ శిబిరం పిలిచింది. అమెరికా అధ్యాయం అలా ముగిసింది. స్వదేశంలో చిరాగ్ యునైటెడ్‌కు, మళ్లీ మోహన్ బగాన్‌కు ఆడాడు.

2012 జూలైలో పోర్చుగల్ క్లబ్బు స్పోర్టింగ్ లిస్బన్ రెండేళ్లకు సంతకం చేయించుకుంది. ఫిగోను, క్రిస్టియానో రొనాల్డోను తయారుచేసిన క్లబ్బు అది. అన్నట్టు, అమెరికాలో అతను వదిలివచ్చిన విజార్డ్స్ కూడా అప్పటికే ‘స్పోర్టింగ్ కాన్సాస్ సిటీ’ అని పేరు మార్చుకుంది.

ఈ ఒప్పందంలో మెలిక ఉంది. ఛెత్రిని ఆడించింది ‘బి’ జట్టులో. పెద్ద క్లబ్బుల రెండో జట్లకు పోర్చుగల్ రెండో శ్రేణి లీగ్‌లో ఆ ఏడాదే మళ్లీ చోటిచ్చారు. ఆ జట్ల ఉద్దేశం కుర్రాళ్లను రాటుదేల్చడం. పందొమ్మిది, ఇరవై ఏళ్ల పిల్లలతో నిండిన నారుమడి అది. ఆ ఆగస్టుకు ఛెత్రికి 28 నిండాయి. నారుమడిలో ఏపుగా ఎదిగిన మొక్కను నాటితే దాన్ని పెంచుదామనే ఆలోచన ఏ కోచ్‌కూ రాదు. పైగా సీజన్ మొదలయ్యే రోజుల్లో అతను ఢిల్లీలో ఉన్నాడు. కెప్టెన్‌గా నెహ్రూ కప్ ఆడుతూ, సెప్టెంబర్ 2న ఫైనల్లో కామెరూన్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించిన జట్టును నడిపిస్తున్నాడు. కొత్త క్లబ్బులో తొలి వారాలే ఆటగాడి స్థానాన్ని నిర్ణయిస్తాయి. దేశపు కెప్టెన్‌కు ఆ వారాలు చిక్కలేదు.

లీగ్‌లో మూడు మ్యాచ్‌లు ఆడాడు. 2013 ఫిబ్రవరిలో లోన్‌పై గోవా క్లబ్బు చర్చిల్ బ్రదర్స్‌కు వచ్చాడు. చర్చిల్ ఆ సీజన్ ఐ–లీగ్ గెలిచింది. లిస్బన్‌లో బెంచీ మీద కూర్చున్నవాడు గోవాలో కొన్ని నెలల్లోనే విజేత పతకం వేసుకున్నాడు. రెండు లీగుల మధ్య ఎంత అగాధం ఉందో చెప్పడానికి ఇంతకన్నా మంచి కొలమానం దొరకదు.

బెంగళూరు

2013లో జేఎస్‌డబ్ల్యూ సంస్థ బెంగళూరు ఎఫ్‌సీని పెట్టింది. ఛెత్రి మొదటి సీజన్ నుంచే కెప్టెన్. పుట్టిన ఏడాదే ఆ జట్టు ఐ–లీగ్ గెలిచింది, 2015–16లో మళ్లీ గెలిచింది. ఆ తర్వాత ఫెడరేషన్ కప్, సూపర్ కప్, డ్యూరాండ్ కప్, 2018–19లో ఇండియన్ సూపర్ లీగ్ అన్నీ వచ్చాయి. మధ్యలో ముంబై సిటీకీ ఆడాడు. 2015 వేలంలో అతని ధర కోటీ 20 లక్షలు. సూపర్ లీగ్‌లో హ్యాట్రిక్ చేసిన తొలి భారతీయుడయ్యాడు కూడా ఆ సీజన్‌లోనే.

క్లబ్బు ఆటలో అతని శిఖరం 2016 అక్టోబర్, కంఠీరవ స్టేడియం అని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఆసియా క్లబ్బుల పోటీ ఏఎఫ్‌సీ కప్ సెమీస్‌లో మలేసియాకు చెందిన జోహోర్ దారుల్ తాజిమ్‌ను బెంగళూరు 3–1తో ఓడించింది. రెండు గోల్స్ ఛెత్రివి. జోహోర్ అప్పటి కప్పు విజేత, డబ్బున్న క్లబ్బు. ఏ భారత క్లబ్బూ అంతకు ముందు ఆ ఫైనల్ చేరలేదు. నవంబర్ 5న దోహాలో ఇరాక్ క్లబ్బు అల్ ఖువా అల్ జవియా చేతిలో 0–1తో ఓటమి.

ఛెత్రి ఎత్తు 170 సెంటీమీటర్లు. సెంటర్ ఫార్వర్డ్‌కు ఇది తక్కువే. అయినా తలతో చేసిన గోల్స్ చాలా ఉన్నాయి. బంతి ఎక్కడ పడుతుందో డిఫెండర్ కన్నా అరక్షణం ముందు కనిపెట్టి అక్కడికి చేరడం, గాలిలో కాస్త ఎక్కువసేపు నిలవడం అతని విద్య. క్లబ్బుల్లో విదేశీ స్ట్రైకర్లు మధ్యలో ఆడటంతో అతన్ని తరచూ ఎడమ పక్కకు నెట్టేవారు. దేశానికి మాత్రం మధ్యలోనే ఆడాడు. ఈ వ్యత్యాసం చిన్నది కాదు. సూపర్ లీగ్ క్లబ్బులన్నీ గోల్స్ చేసే పనిని విదేశీయులకు అప్పగించాయి. ఛెత్రికి వారసుడు దొరకకపోవడానికి ఇదొక కారణం.

2018 జూన్, ముంబై

ఇంటర్‌కాంటినెంటల్ కప్ తొలి మ్యాచ్‌లో చైనీస్ తైపీపై భారత్ 5–0తో గెలిచింది. ఛెత్రి హ్యాట్రిక్ చేశాడు. చూడ్డానికి వచ్చినవాళ్లు 2,569 మంది. మర్నాటికల్లా అతను ఒక వీడియో పెట్టాడు. మమ్మల్ని తిట్టండి, విమర్శించండి, కానీ మైదానానికి వచ్చి ఆ పని చేయండి అన్నది దాని సారాంశం. యూరప్ క్లబ్బులను టీవీలో చూసే అభిమానులను అతను తప్పుపట్టలేదు. మా ఆట ఆ స్థాయిలో ఉండదు, నిజమే, అయినా రండి అన్నాడు. జూన్ 4న కెన్యాతో మ్యాచ్ టికెట్లన్నీ అమ్ముడుపోయాయి. అది అతని వందో అంతర్జాతీయ మ్యాచ్. వానలో తడుస్తూ జనం నిలబడ్డారు, అతను రెండు గోల్స్ చేశాడు. ఫైనల్లోనూ కెన్యాపై రెండు. టోర్నీ మొత్తంలో 8 గోల్స్ చేసి, అంతర్జాతీయ గోల్స్‌లో అప్పటి మెస్సీ లెక్క 64ను అందుకున్నాడు.

మెస్సీ పక్కన ఛెత్రి పేరు చూసి నవ్వుకున్నవాళ్లున్నారు. ప్రత్యర్థులు మాల్దీవులు, నేపాల్, పాకిస్థాన్ కదా అన్నారు. అందులో కొంత నిజం ఉంది. అతని గోల్స్‌లో పెద్ద భాగం దక్షిణాసియా జట్ల మీదే. దక్షిణాసియా కప్పు 2011, 2015, 2021, 2023లలో గెలిచాడు. 2011లో ఒక్క టోర్నీలోనే 7 గోల్స్, 2023లో బెంగళూరులో పాకిస్థాన్‌పై హ్యాట్రిక్. కానీ ఆసియా కప్‌లో నాలుగు గోల్స్ కూడా అతనివే. 2019 జనవరిలో థాయ్‌లాండ్‌పై 4–1 గెలుపులో రెండు ఉన్నాయి. మెస్సీతో పోలిక అతను కోరుకున్నదీ కాదు. ఎదురుగా ఎవరు దొరికితే వాళ్ల మీదే కదా గోలు చేయగలిగేది.

వీడ్కోలు, పునరాగమనం

2024 మార్చి 26న గువాహటిలో 150వ మ్యాచ్ ఆడి, అఫ్గానిస్థాన్‌పై పెనాల్టీతో 94వ గోలు చేశాడు. జట్టు మాత్రం 1–2తో ఓడింది. మే 16న వీడ్కోలు ప్రకటించాడు. జూన్ 6న కోల్‌కతా సాల్ట్‌లేక్ స్టేడియంలో కువైట్‌తో చివరి మ్యాచ్ గోల్ లేకుండా డ్రా అయింది. అంతర్జాతీయ గోల్స్‌లో అతని కన్నా పైన అప్పటికి ముగ్గురే ఉన్నారు: రొనాల్డో, మెస్సీ, ఇరాన్ ఆటగాడు అలీ దాయీ.

అతను లేని జట్టు తొలి టోర్నీ ఎక్కడో కాదు, హైదరాబాద్‌లోనే. 2024 సెప్టెంబర్‌లో గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో ఇంటర్‌కాంటినెంటల్ కప్ జరిగింది. కొత్త కోచ్ మనోలో మార్కెజ్ హైదరాబాదీలకు తెలిసిన మనిషే. 2021–22లో హైదరాబాద్ ఎఫ్‌సీకి సూపర్ లీగ్ తెచ్చిపెట్టింది ఆయనే. అయినా ఫలితం లేదు. మారిషస్‌తో 0–0, సిరియా చేతిలో 0–3. సొంతగడ్డపై రెండు మ్యాచ్‌ల్లో ఒక్క గోలూ లేదు. 2024 మొత్తంలో భారత్ ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. ఆ హైదరాబాద్ ఎఫ్‌సీ సైతం 2025లో ఢిల్లీకి తరలిపోయింది.

మరోపక్క బెంగళూరు తరఫున ఛెత్రి 2024–25 సీజన్‌లో 14 గోల్స్ చేశాడు, నలభయ్యో ఏట. దాంతో 2025 మార్చిలో అతన్ని మళ్లీ పిలిచారు, అతను వచ్చాడు. ఇది అతని గొప్పతనానికి సాక్ష్యమా, వ్యవస్థ దివాళాకు సాక్ష్యమా అంటే రెండోదే అనాలి. నలభై ఏళ్ల మనిషిని వెనక్కి పిలవాల్సి రావడం ఏ దేశానికీ గర్వకారణం కాదు.

ఇప్పుడు బయటికి వెళ్లేదెవరు

ఛెత్రి తర్వాత గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ సింగ్ సంధు 2014 నుంచి 2017 వరకు నార్వే క్లబ్బు స్టాబేక్‌లో ఉన్నాడు. యూరోపా లీగ్ ఆడిన తొలి భారతీయుడు అతనే. చివరికి అతనూ బెంగళూరుకే తిరిగి వచ్చాడు. సూపర్ లీగ్ జీతాలు పెరిగాక పురుష ఆటగాళ్లు బయటి ప్రయత్నాలు తగ్గించుకున్నారు. యూరప్ చిన్న లీగుల్లో దొరికే జీతం ఇక్కడి జీతంలో సగం కూడా ఉండకపోవచ్చు. కుటుంబాన్ని నడపాల్సినవాణ్ణి ఆ లెక్క చూసుకున్నందుకు నిందించలేం. బ్రిటన్ 2021లో పాయింట్ల పద్ధతికి మారినా దేశం ర్యాంకు, లీగ్ స్థాయి అందులోనూ లెక్కకొస్తాయి. ఇంతలో ఇంటి కప్పే కారడం మొదలైంది. వాణిజ్య హక్కుల ఒప్పందం తేలక 2025–26 సూపర్ లీగ్ అనుకున్న వేళకు మొదలు కాలేదు.

దారి తెరిచి ఉంచింది మహిళలే. మణిపూర్‌కు చెందిన బాలాదేవి 2020లో గ్లాస్గో రేంజర్స్‌లో చేరింది. సలీం ఆడిన ఊరే అది, ప్రత్యర్థి క్లబ్బు. మనీషా కల్యాణ్ సైప్రస్ వెళ్లి మహిళల ఛాంపియన్స్ లీగ్‌లో ఆడింది. నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య 2022లో క్రొయేషియా క్లబ్బు డైనమో జాగ్రెబ్‌కు ఆడింది. తెలుగువాళ్లు నిజంగా మనవాళ్లని చెప్పుకోవాలంటే ఛెత్రి కన్నా ముందు చెప్పుకోవాల్సిన పేరు ఇది.

పునరాగమనంలో ఛెత్రి తొలి మ్యాచ్ 2025 మార్చి 19న షిల్లాంగ్‌లో మాల్దీవులతో. భారత్ 3–0తో గెలిచింది, అతను తలతో 95వ గోలు చేశాడు. అక్టోబర్ 14న గోవాలో సింగపూర్ చేతిలో 1–2తో ఓడిపోవడంతో 2027 ఆసియా కప్ ఆశలు ముగిశాయి. ఆ తర్వాత ఛెత్రి జాతీయ జట్టు నుంచి రెండోసారి తప్పుకున్నాడు. షిల్లాంగ్ గోలు తర్వాత దేశం తరఫున అతను మరో గోలు చేయలేదు.